గలాక్సిది: తెరచాపతో పెరిగి పొగ ఓడతో ఆగిన ఊరు

గ్రీసులో, ప్రాచీన అపోలో దేవుడి గుడికి పేరుపడ్డ డెల్ఫీ ఊరి అంచున నిలబడి దక్షిణానికి చూస్తే, కొండల మధ్య నుంచి సముద్రం దాకా పరుచుకున్న ఆలివ్ తోపు ముందుగా కళ్లకు తగులుతుంది. ఆంఫిసా మైదానం అది. పది లక్షల చెట్ల పైచిలుకు ఉంటాయని చెబుతారు. ఆ పచ్చదనం ముగిసేచోట ఇతెయా రేవు, దానికి ఆవల నీలిరంగు అఖాతం. ఆ అఖాతానికి పడమటి మూలన, రాతి కొనల మాటున ఒక చిన్న ఊరు దాక్కుని ఉంది. దాని పేరు గలాక్సిది. డెల్ఫీ నుంచి రోడ్డు మీద ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. జనాభా దాదాపు రెండు వేలు. ప్రపంచం నలుమూలల నుంచి డెల్ఫీకి వచ్చే యాత్రికుల్లో ఎక్కువమంది దీని పేరైనా వినకుండానే వెనుదిరుగుతారు.

కాని ఒకప్పుడు ఈ ఊరి ఓడలు నల్లసముద్రం నుంచి మార్సెయ్ దాకా గోధుమలు మోశాయి. ఊరికి పొలాల్లేవు, అడవుల్లేవు, గనుల్లేవు, వెనకాల పెద్ద పట్నమూ లేదు. అలాంటి ఊరికి అన్ని ఓడలు ఎలా వచ్చాయి? వచ్చినవి ఒక్క తరంలో ఎలా మాయమయ్యాయి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే దొరుకుతుంది. ఊరిని పెంచినదేదో, ఊరిని ఆపినదీ అదే.

మునిగే ఒడ్డు, లేచే ఒడ్డు

ముందు నేల సంగతి. గలాక్సిది కొరింథ్ సింధుశాఖకు ఉత్తర ఒడ్డున ఉంది. మ్యాపులో చూస్తే ఈ సింధుశాఖ గ్రీసు నడుముకు పెట్టిన గాటులా కనిపిస్తుంది. గాటు అనటం ఊరికే పోలిక కోసం కాదు, అది నిజంగానే భూమి చీలుతున్న చోటు. పెలొపొనీసు ద్వీపకల్పం మిగతా గ్రీసు నుంచి ఏటా సుమారు ఒక సెంటీమీటరు, పడమటి కొసన ఇంకొంచెం ఎక్కువగా, దూరం జరుగుతోంది. ప్రపంచంలో ఇంత వేగంగా విచ్చుకుంటున్న భూచీలికలు అరుదు. క్రీ.పూ. 373లో అవతలి ఒడ్డున ఉన్న హెలికే నగరం ఒక్క రాత్రిలో భూకంపానికి కూలి సముద్రం పాలయింది. 1995 జూన్ 15న అదే ఒడ్డున ఈగియో పట్టణాన్ని కుదిపేసిన భూకంపం కూడా ఈ చీలిక తెచ్చిందే.

ఈ చీలికలో రెండు ఒడ్లదీ ఒకే తీరు కాదు. దక్షిణపు ఒడ్డు పైకి లేస్తోంది. అందుకే అక్కడ పాత సముద్ర తీరాలు కొండల మీద మెట్లు మెట్లుగా మిగిలి ఉంటాయి, తీరం దాదాపు తిన్నగా సాగుతుంది, నదులు మోసుకొచ్చిన ఒండ్రు నేల పంటలకు పనికొస్తుంది. ఉత్తరపు ఒడ్డు మాత్రం కుంగుతోంది. నేల కిందికి దిగేకొద్దీ సముద్రం పాత లోయల్లోకి జొరబడింది. ఒకప్పటి గుట్టలు కొనలుగా మిగిలాయి, వాటి మధ్య పల్లాలు రేవులయ్యాయి. తీరమంతా ముడతలు పడ్డ గుడ్డలా ఉంటుంది.

గలాక్సిదికి ఇలా దక్కినవి రెండు రేవులు. పెద్దదాన్ని అగోరా అంటారు. సన్నగా, లోతుగా, పొడవుగా ఊరిలోకి చొచ్చుకొచ్చిన నీటి పాయ అది. రెండోది హిరోలాకస్. రెంటి మధ్య ఒక రాతి కొన, దాని మీద పాత ఊరు, ఊరి నెత్తిన సెయింట్ నికొలస్ గుడి. ఎదుటి ఒడ్డున పెరా పాంటా అనే కొన పైన్ చెట్లతో రేవుకు గాలి అడ్డుగా నిలుస్తుంది. ఊరి ముందు చెదురుమదురుగా చిన్న చిన్న దీవులు. ఒక ఓడ కెప్టెన్ కూర్చుని తన అవసరాలన్నీ రాసిస్తే ఎవరో ఆ ప్రకారం తవ్వించినట్టుంటుంది ఈ చోటు.

ఇక ఊరి వెనక్కి తిరిగి చూస్తే అంతా సున్నపురాయి. ఉత్తరాన గియోనా పర్వతం 2,510 మీటర్ల ఎత్తున అడ్డం నిలుస్తుంది, దక్షిణ గ్రీసులో దానికి మించిన శిఖరం లేదు. తూర్పున పర్నాసస్. ఆలివ్ మైదానమంతా ఇతెయా వైపు పోయింది. గలాక్సిది వంతుకు మిగిలింది మేకలు మేసే బీడు, ముళ్లపొదలు, కొండవాలున గోడలు కట్టి నిలబెట్టిన చిన్న చిన్న చెలకలు. సముద్రం ఎంత ఉదారంగా ఇచ్చిందో నేల అంత పిసినారితనం చూపింది. ఇక్కడ పుట్టినవాడు గొర్రెలన్నా కాయాలి, ఓడన్నా ఎక్కాలి.

కంచు రేకు మీద ఒప్పందం

ప్రాచీన కాలంలో ఇక్కడున్న ఊరి పేరు హాలెయోన్. ఆ ప్రాంతంవాళ్లు ఒజోలియన్ లోక్రియన్లు. ‘ఒజోలియన్’ అన్న మాటకు ‘కంపు కొట్టేవాళ్లు’ అనే అర్థం తోస్తుంది కాబట్టి పాతకాలపు గ్రీకు రచయితలు దీని మీద రకరకాల కథలు చెప్పారు. పచ్చి మేకతోళ్లు కట్టుకుంటారు కాబట్టి అని ఒకరు, ఏటి నీళ్ల వాసన అని ఇంకొకరు, కొండల మీద పూసే ఆస్ఫొడెల్ పూల ఘాటు అని మరొకరు. ఇలాంటి పేరు ఏ జాతీ తనకు తాను పెట్టుకోదు, పక్కవాళ్లు తగిలించిందే అయి ఉంటుంది. ఆ పక్కవాళ్లకు వీళ్ల మీద మంచి అభిప్రాయం లేదని చరిత్రకారుడు థుసిడిడిస్ మాటల్లోనూ తెలుస్తుంది. సముద్రపు దోపిడీ రోజుల అలవాటు పోక ఇంకా ఆయుధాలు కట్టుకుని తిరిగే జనాల్లో ఆయన వీళ్లనూ లెక్కవేశాడు.

ఆ దోపిడీకి ఎలాంటి కట్టుబాట్లు ఉండేవో చెప్పే ఆధారం ఒకటి గలాక్సిదిలోనే దొరికింది. అది క్రీ.పూ. 5వ శతాబ్దం నడిమి కాలానికి చెందిన కంచు రేకు. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. హాలెయోన్‌కూ, పడమర తీరంలో ఉన్న ఒయాంథెయా అనే ఊరికీ మధ్య జరిగిన ఒప్పందం దాని మీద చెక్కి ఉంది.

ఈ ఒప్పందం అర్థం కావాలంటే అప్పటి ఆచారం ఒకటి తెలియాలి. ఒక ఊరివాడు మీకు బాకీ ఎగ్గొట్టి పారిపోతే, ఆ ఊరికి చెందిన ఇంకెవరినైనా, వాళ్ల సరుకునైనా పట్టుకుని మీ నష్టం పూడ్చుకోవచ్చు. పట్టుబడినవాడికి ఆ బాకీతో ఏ సంబంధమూ ఉండనక్కరలేదు. ఆ ఊరివాడైతే చాలు. ఈ పద్ధతి విచ్చలవిడిగా సాగితే ఏ రేవుకూ పరాయి ఊరి వర్తకుడు రాడు. పూర్తిగా మానేద్దామంటే సముద్రం మీద బతికేవాళ్ల చేతులు కట్టేసినట్టే. అందుకని రెండు ఊళ్లూ మధ్యేమార్గం పట్టాయి.

హాలెయోన్ నేల మీద నుంచి ఒయాంథెయావాడు గాని, ఒయాంథెయా నేల మీద నుంచి హాలెయోన్‌వాడు గాని పరదేశిని పట్టుకుపోరాదు. సముద్రం మీద మాత్రం పరాయి సొమ్మును పట్టుకోవచ్చు, దానికి శిక్ష లేదు. కాని ఊరి ఎదుట ఉన్న రేవులో ఆ పని కూడదు. అన్యాయంగా పట్టుకున్నవాడు నాలుగు డ్రాక్మాలు (అప్పటి వెండి నాణేలు) జరిమానా కట్టాలి. పట్టుకున్న సొమ్మును పది రోజులకు మించి దగ్గర ఉంచుకుంటే దాని విలువకు ఒకటిన్నర రెట్లు చెల్లించాలి. ఎవరైనా అవతలి ఊళ్లో నెల రోజులకు మించి ఉంటే ఆ ఊరి న్యాయానికి లోబడాలి. తగాదా విలువ పెద్దదైతే పదిహేను మంది, చిన్నదైతే తొమ్మిది మంది ప్రమాణం చేసి తీర్పు చెబుతారు.

ఇందులో ఎక్కడా దోపిడీ పాపమన్న మాట లేదు. నేల ఒకటి, రేవు ఒకటి, సముద్రం ఒకటి అని మూడు ముక్కలు చేసి, రేవును నేల పక్షాన చేర్చారు, అంతే. వర్తకుడికి లంగరు వేసేచోట భద్రత ఉండాలి, లంగరు ఎత్తాక వాడి అదృష్టం వాడిది. రేవు లేకపోతే బతుకు లేదని ఎరిగిన జనం రాసుకున్న చట్టం ఇది. నీతి బోధించే చట్టాలకంటే ఇలాంటి లెక్కల చట్టాలే ఒక ఊరి స్వభావాన్ని ఎక్కువగా బయటపెడతాయి.

ఇదే ఊళ్లో ఇంకో కంచు శాసనమూ దొరికింది. నౌపాక్తస్ రేవుకు వలస వెళ్లే తూర్పు లోక్రియన్ల హక్కుల గురించి అది మాట్లాడుతుంది. వలస పోయినవాళ్లకు పుట్టింటి ఆస్తిలో ఎంత హక్కు మిగులుతుందో ముందే తేల్చుకోవటం అప్పటికే అవసరమైంది.

రోమన్ల కాలం నుంచి మధ్యయుగం దాకా కథ క్లుప్తంగా సరిపోతుంది. సముద్రం మీదుగా దొంగలు వస్తే జనం కొండల్లోకి పారిపోవటం, ముప్పు తగ్గాక దిగివచ్చి మళ్లీ ఇళ్లు కట్టుకోవటం. 13వ శతాబ్దంలో ఎపిరస్ పాలకుడు రెండో మిఖాయెల్ ఊరికి పైన కొండ మీద మెటమార్ఫోసిస్ మఠాన్ని కట్టించాడు. 1703లో యెఫ్తిమియోస్ అనే సన్యాసి ఆ ఊరి చరిత్రను రాసిపెట్టాడు. దాదాపు ఏడు శతాబ్దాల దాడులు, తెగుళ్లు, పారిపోవటాలు అందులో ఉన్నాయి. గలాక్సిది కుటుంబానికి చెందిన కాన్‌స్టాంటినోస్ సాథాస్ అనే యువకుడు మఠం శిథిలాల్లో ఆ రాతప్రతిని కనుగొని 1865లో అచ్చు వేయించాడు. అందులో ఎంత నిజం, ఎంత విన్న కథ అన్నది చరిత్రకారులు తేల్చుకోవలసిన విషయమే. రాజధాని నగరాలకు తప్ప చరిత్ర ఉండదనుకునే కాలంలో ఒక మూల రేవుకు తన కథ తాను రాసుకోవాలనిపించటం మాత్రం గుర్తుంచుకోదగ్గది. ఆ సాథాసే తరువాత మధ్యయుగపు గ్రీకు పత్రాల సంపుటాలను ప్రచురించి పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

పక్క అఖాతంలో పొగ

1774లో రష్యాకూ ఆటోమన్ సామ్రాజ్యానికీ మధ్య కుచుక్ కైనార్జా సంధి కుదిరింది. నల్లసముద్రంలో వర్తకానికి దారులు తెరుచుకున్నాయి. సుల్తాను ప్రజలైన గ్రీకు నావికులు రష్యా జెండా ఎగరేసి ధీమాగా తిరిగే వీలు చిక్కింది. ఆ తరువాత ఫ్రెంచి విప్లవమూ, నెపోలియన్ యుద్ధాలూ వచ్చి పశ్చిమ మధ్యధరాలో ధాన్యం ధర ఆకాశానికంటింది. ఇద్రా, స్పెట్సెస్, ప్సారా ద్వీపాల ఓడల సంపాదన గురించి గ్రీకు పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ప్రధాన భూభాగం మీద అదే గాలిని పట్టిన ఊరు గలాక్సిది.

1821లో గ్రీకు స్వాతంత్ర్య యుద్ధం మొదలైనప్పుడు ఊరు తిరుగుబాటులో చేరింది. దాని మూల్యం ఆ సెప్టెంబరులోనే చెల్లించవలసి వచ్చింది. ఆటోమన్, ఈజిప్టు ఓడలు సింధుశాఖలోకి వచ్చి ఊరిని ఫిరంగులతో కొట్టాయి. జనం మళ్లీ పాత అలవాటు ప్రకారం కొండలెక్కారు. ఇళ్లు తగలబడ్డాయి. రేవులో ఉన్న ఓడల్లో ముప్పైకి పైగా శత్రువు పట్టుకుపోయాడు. ఓడే ఆస్తి అయిన ఊరికి ఇది అన్ని పొలాలూ ఒకేసారి పోయినట్టు.

ఆరేళ్ల తరువాత, 1827 సెప్టెంబరు చివర, అదే అఖాతంలో జరిగిన ఇంకో ఘటన ఉంది. ఊరి చరిత్రలో దీనికి దక్కాల్సిన చోటు దక్కలేదనిపిస్తుంది. ఫ్రాంక్ ఆబ్నీ హేస్టింగ్స్ అనే ఆంగ్లేయుడు, పిల్లవాడుగా ఉన్నప్పుడే ట్రఫాల్గర్ యుద్ధంలో పాల్గొన్నవాడు, గ్రీకుల పక్షాన ‘కార్తెరియా’ అనే ఓడకు కెప్టెన్‌గా వచ్చాడు. ఆ మాటకు పట్టుదల అని అర్థం. లండన్‌లో కట్టిన ఓడ అది. తెరచాపలతో పాటు ఆవిరి యంత్రం, పక్కల తెడ్ల చక్రాలు ఉండేవి. పోరాటంలో దిగిన మొదటి ఆవిరి యుద్ధనౌకల్లో అదొకటి. హేస్టింగ్స్ ఫిరంగి గుండ్లను యంత్రపు కొలిమిలోనే ఎర్రగా కాల్పించి పేల్చేవాడు. ఇతెయా ముందు లంగరు వేసి ఉన్న ఆటోమన్ ఓడల మీద ఆయన అలాంటి గుండ్లే కురిపించాడు. కొద్ది నిమిషాల్లో వాళ్ల నాయకుడి ఓడలో మందుగుండు గది పేలిపోయింది. మిగతావి ఒక్కొక్కటిగా తగలబడ్డాయి. ఈ దెబ్బకు మండిపడ్డ ఈజిప్టు సేనాపతి ఇబ్రహీం పాషా ప్రతీకారానికి కదలటం, ఐరోపా నౌకాదళాలు అడ్డుకోవటం, చివరికి అక్టోబరు 20న నవారినో యుద్ధంలో ఆటోమన్ నౌకాబలం తుడిచిపెట్టుకుపోవటం అందరూ ఎరిగిన చరిత్రే.

ఆ రోజు గలాక్సిది కొండల మీద నుంచి చూసినవాళ్లకు ఏం కనపడి ఉంటుంది? తమ ఓడలను ఎత్తుకుపోయిన శత్రువు తగలబడిపోతున్నాడు. తగలబెడుతున్నది మాత్రం గాలితో పని లేని ఓడ. పగ తీరిన సంబరంలో ఆ పొగ తమ బతుకు మీదికి కూడా రాబోతున్నదని ఎవరికి తోస్తుంది? తోచవలసిన పని కూడా లేదు. ఇంకా యాభై ఏళ్లు తెరచాపదే రాజ్యం.

ఇరవై నాలుగు వాటాల ఓడ

స్వాతంత్ర్యం తరువాత గలాక్సిది బూడిద లోంచి లేచిన వేగం ఆశ్చర్యం కలిగిస్తుంది. 1829 నాటి ఏడ్రియనోపుల్ సంధి నల్లసముద్రాన్ని ఇంకా బార్లా తెరిచింది. ఒడెస్సా నుంచి, డాన్యూబ్ ముఖద్వారంలోని రేవుల నుంచి గోధుమలు ఇటలీకి, ఫ్రాన్సుకు చేరాలి. వాటికి ఓడలు కావాలి. హిరోలాకస్ ఒడ్డున, అగోరా ఒడ్డున కొయ్య ఓడల పక్కటెముకలు లేచాయి. బ్రాత్సెరాలనే చిన్న తెరచాప ఓడల నుంచి రెండు తెరచాప స్తంభాల బ్రిగ్గుల దాకా, ఆ తరువాత మూడు స్తంభాల బార్కుల దాకా ఊరి వడ్రంగులే కట్టారు.

డబ్బు ఎక్కడిది? ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఒక ఓడను ఒక్కడే కొనాల్సిన పని లేదు. మధ్యధరా అంతటా పాతకాలం నుంచి ఓడను 24 వాటాలుగా విడగొట్టే ఆచారం ఉంది. ఆ వాటాలను, బంగారానికి లాగే, కారట్లు అంటారు. కెప్టెన్‌కు కొన్ని కారట్లు, బావమరిదికి రెండు, తాళ్లు పేనేవాడికి ఒకటి, విధవరాలైన పెద్దమ్మకు అర. పనివాడు తన కూలిలో కొంత వాటాగా ఉంచేసుకోవచ్చు. ఓడ మీద పని చేసే కళాసులకు కూడా జీతం బదులు లాభంలో భాగం. గలాక్సిదివాళ్లు వాళ్లను ‘సింద్రోఫొనాఫ్తెస్’ అన్నారు, అంటే తోడి నావికులు. ఇంకా చాలకపోతే సముద్రపు అప్పు. వడ్డీ భారీగా ఉంటుంది, కాని ఓడ మునిగితే అప్పూ మునుగుతుంది.

ఈ ఏర్పాటు బలం స్పష్టమే. బ్యాంకు లేకుండా, పెద్ద షావుకారు లేకుండా, ఊరంతా కలిసి ఓడలు కట్టుకోగలదు. ఓడ మీద ఉన్నవాళ్లందరికీ దాని లాభనష్టాల్లో భాగం ఉంటుంది కాబట్టి తుపానులో ఎవరూ చేతులెత్తేయరు. ఒక ఓడ పోతే ఒక్క కుటుంబం నడివీధిలో పడదు, దెబ్బ ఇరవై నాలుగు ఇళ్లకు పంచుకుపోతుంది. పొలం లేని ఊరికి ఓడే ఉమ్మడి పొలం.

అయితే పోయేవి ఓడలు మాత్రమే కాదు. హిరోలాకస్ పేరులో ‘హిరా’ అంటే గ్రీకులో విధవ. రాని మగవాళ్ల కోసం ఆడవాళ్లు ఎదురుచూసిన చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. పేర్లకు జనం అల్లే కథలన్నిటిలాగే దీన్నీ కొంచెం దూరం నుంచే నమ్మాలి. కాని అలాంటి కథే అల్లుకోవాలని వాళ్లకు తోచిందంటే ఆ ఊరి ఇళ్లలో ఏం జరిగేదో ఊహించటం కష్టం కాదు.

సంపాదన ఇళ్లలోకి కూడా వచ్చింది. కెప్టెన్ల ఇళ్లు ఇప్పటికీ వరుసగా నిలబడి ఉన్నాయి. మందమైన రాతిగోడలు, ఎర్రపెంకుల కప్పు, రేవు వైపు తిరిగిన బాల్కనీ. కొన్నిటిలో పైకప్పు లోపలి పలకల మీద రంగుల చిత్రాలు. బయటికి గంభీరంగా, దాదాపు బింకంగా కనిపిస్తాయి. ఊరి నౌకా మ్యూజియంలో ఓడల బొమ్మలు చాలా ఉన్నాయి. నీటిరంగుల్లో వేసిన పక్క చూపు బొమ్మలు. ప్రతి తెరచాపా విప్పి ఉంటుంది, ప్రతి తాడూ లెక్క ప్రకారం ఉంటుంది, జెండా రెపరెపలాడుతుంది, కింద ఓడ పేరు, కెప్టెన్ పేరు. అలలు మాత్రం దువ్విన జుట్టులా వరుసలు తీరి ఉంటాయి. ఈ బొమ్మల గిరాకీదారులు కళాభిమానులు కాదు, ఓడ యజమానులు. సముద్రం ఎలా ఉందన్నది వాళ్లకు రోజూ తెలిసిన సంగతే. ఓడ తాడు ఒక్కటి తప్పుగా గీస్తే మాత్రం ఊరుకోరు.

ఊళ్లోని సెయింట్ పరస్కెవి గుడిలో నేల మీద పాలరాతిలో ఒక గీత ఉంది. దాని పక్కన రాశుల గుర్తులు. కప్పులోని చిన్న రంధ్రం గుండా మిట్టమధ్యాహ్నపు ఎండ ఆ గీత మీద పడి ఏ రాశిలో సూర్యుడున్నాడో చెబుతుంది. సూర్యుణ్ణి చూసి ఓడ ఎక్కడుందో లెక్కగట్టే జనానికి గుడిలో కూడా ఆ లెక్క కావలసి వచ్చింది.

కారట్లకు అందని ఇనుము

పొగ ఓడ వచ్చి తెరచాపను చంపిందని ఒక్క ముక్కలో తేల్చేయటం మామూలు. అది సగం నిజం. ఆవిరి ఓడలు గ్రీకు నౌకా వర్తకాన్ని చంపలేదు, ఇంకా పెంచాయి. కెఫలోనియా, ఇథాకా, ఆండ్రోస్, ఖియోస్ ద్వీపాలవాళ్లు తెరచాప నుంచి ఆవిరికి మారి ప్రపంచస్థాయి ఓడ యజమానులయ్యారు. మరి గలాక్సిది ఎందుకు మారలేకపోయింది?

కొయ్య బ్రిగ్గును ఊరి ఒడ్డునే, ఊరి వడ్రంగితో, వాయిదాల మీద కట్టుకోవచ్చు. ఇనుప ఆవిరి ఓడను ఇంగ్లండు కర్మాగారంలో ఆర్డరు ఇచ్చి కొనాలి. డబ్బు ఒక్క మొత్తంగా, పౌండ్లలో, లండన్‌లో చెల్లించాలి. రోజూ బొగ్గు కొనాలి. యంత్రం తెలిసిన ఇంజనీరుకు నెల జీతం ఇవ్వాలి, వాడు వాటాకు పని చేయడు. బావమరిది రెండు కారట్లతో, పెద్దమ్మ అర కారటుతో ఆ మొత్తం పోగవ్వదు. ఇరవై నాలుగు మంది చిన్న వాటాదారుల్లో కొత్త యంత్రం కోసం అప్పులో మునగటానికి అందరినీ ఒప్పించటం ఇంకా కష్టం. నష్టాన్ని పంచి ఊరిని కాపాడిన ఏర్పాటే, పెట్టుబడిని ఒకచోట చేర్చనివ్వక ఊరిని కట్టిపడేసింది.

మారగలిగినవాళ్లకు బయట మనుషులున్నారు. కెఫలోనియాకు చెందిన పనాగిస్ వలియానో లండన్‌లో కూర్చుని గ్రీకు ఓడ యజమానులకు ఆవిరి ఓడలు కొనటానికి అప్పులిచ్చాడు. కెఫలోనియా, ఇథాకాలున్న అయోనియన్ దీవులవాళ్లకు డాన్యూబ్ రేవుల్లో సొంత ధాన్యపు కొట్లు, ఏజెంట్లు, చుట్టాలు ఉన్నారు. సరుకూ వాళ్లదే, ఓడా వాళ్లదే, అప్పిచ్చేవాడూ మనవాడే. గలాక్సిదివాళ్లు మంచి నావికులు, సరుకు మోసేవాళ్లు. సరుకు సొంతదారులు కారు. వాళ్ల పెట్టుబడి అంతా రేవులో తేలుతూ ఉండేది, రేవు దాటిన పరిచయాలు తక్కువ.

ఇక్కడ భూగోళం మళ్లీ అడ్డం తిరిగింది. కొరింథ్ సింధుశాఖ తూర్పు కొస మూసుకుపోయి ఉంటుంది. ఏథెన్స్ రేవు పిరేయస్‌కు చేరాలంటే పెలొపొనీసు మొత్తం చుట్టి రావాలి. 1893లో కొరింథ్ కాలువ తెరుచుకున్నాక ఈ ఇబ్బంది తీరింది. ఆరు కిలోమీటర్లకు పైగా పొడవైన ఆ కాలువ గలాక్సిదికి వరం కావలసింది. కాని అప్పటికే ఊళ్లో కొత్త ఓడలు కట్టటం తగ్గిపోయింది, తెరచాప ఓడకు గోడల్లాంటి ఆ ఇరుకు గండిలో గాలీ చిక్కదు. దగ్గరైన పిరేయస్ చివరికి సరుకును కాక మనుషుల్ని లాక్కుంది. గలాక్సిది కెప్టెన్లు ఇతరుల ఆవిరి ఓడల మీద ఉద్యోగులయ్యారు, కుటుంబాలు పిరేయస్‌కు మారాయి. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఊరి తెరచాపల కథ దాదాపు ముగిసింది.

ఇప్పుడు గలాక్సిదిని చూసి యాత్రికులు ‘చెక్కుచెదరని అందం’ అంటారు. మాట తప్పు కాదు గాని కారణం తలకిందులుగా అర్థమవుతుంది. డబ్బు వస్తూ ఉన్న ఊళ్లో ఏ తరానికాతరం పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతుంది. ఇక్కడ డబ్బు ఆగిపోయింది కాబట్టి 19వ శతాబ్దం అలాగే నిలిచిపోయింది. పాత ఇల్లు పడగొట్టటానికి కూడా పెట్టుబడి కావాలి మరి. తరువాత సంరక్షిత గ్రామమన్న చట్టం వచ్చి ఆ పేదరికపు మిగులుకు విలువ కట్టింది. ఏథెన్స్‌వాళ్లు వారాంతపు ఇళ్లుగా కెప్టెన్ల ఇళ్లు కొన్నారు. 2004లో రియో-ఆంటిరియో వంతెన సింధుశాఖ పడమటి ముఖద్వారం మీద తెరుచుకున్నాక పెలొపొనీసులోని పాత్రాస్ నగరం వైపు నుంచి రావటమూ సులువైంది. 2011లో ఊరు తన సొంత పురపాలక హోదా పోగొట్టుకుని డెల్ఫీ మునిసిపాలిటీలో కలిసింది. ఒకప్పుడు దేవుడి పేరుతో, ఇప్పుడు పాలన పేరుతో, కొండ మీది పొరుగువాడి నీడ తప్పలేదు.

అఖాతం మాత్రం ఖాళీగా లేదు. పర్నాసస్, గియోనా కొండల్లో బాక్సైట్ తవ్వకాలు దశాబ్దాలుగా సాగుతున్నాయి. ఎర్రటి ఆ ఖనిజం ఇతెయా వైపు ఓడలకెక్కుతుంది. ఎన్నో తరాలు ఏమీ ఇవ్వదనుకున్న రాతి కొండ కడుపులో ఇంత సరుకు ఉందని తేలింది. అయితే దాన్ని మోసుకుపోయే ఇనుప ఓడల్లో ఊరివాళ్లకు కారట్లు లేవు. ఊరి దాపున సముద్రంలో చేపల పెంపకపు వలయాలు తేలుతుంటాయి.

ఏడాదిలో ఒక్క రోజు గలాక్సిది గ్రీకు టీవీ వార్తల్లోకి ఎక్కుతుంది. ఈస్టరుకు ముందు వచ్చే పెద్ద ఉపవాసాల మొదటి రోజు ‘శుద్ధ సోమవారం’. గ్రీసంతటా జనం ఆ రోజు గాలిపటాలు ఎగరేస్తారు. గలాక్సిదిలో పిండి చల్లుకుంటారు. ముఖాలకు బొగ్గు మసి పూసుకుని, నడుముకు మేక గంటలు కట్టుకుని, రంగులు కలిపిన పిండి సంచులు ఎత్తుకుని అగోరా రేవు పక్కన రెండు పక్షాలుగా కొట్టుకుంటారు. టన్నుకు పైగా పిండి ఖర్చవుతుంది. ముందు రోజే కెప్టెన్ల ఇళ్ల గోడలను ప్లాస్టిక్ పట్టాలతో కప్పేస్తారు. ఆటోమన్ల కాలంలో నిషేధాన్ని ధిక్కరించి మొదలైందని ఊరివాళ్ల మాట. సిసిలీలో చూసిన వేషాలను నావికులు తెచ్చారని ఇంకో మాట. రెండూ కలిసి నిజమైనా ఆశ్చర్యం లేదు. గోధుమలు మోసి బతికిన ఊరు గోధుమపిండినే గాలిలోకి ఎగరేసుకోవటంలోని చమత్కారాన్ని ఎవరైనా కావాలని పెట్టారో లేదో గాని, బాగా కుదిరింది.

సాయంత్రానికి రేవు ఒడ్డు గులాబీ, నీలం, పసుపు బురదగా మారుతుంది. ముఖాలు కడుక్కున్నవాళ్లు ఉపవాసపు భోజనానికి కూర్చుంటారు. పులియబెట్టని పిండితో చేసిన లగానా రొట్టె, ఆలివ్‌లు, పప్పు. ఉపవాసంలో మాంసం కూడదు, చేప కూడదు. నెత్తురు లేదన్న లెక్కన ఆక్టోపస్‌కు, స్క్విడ్‌కు, గుల్లలకు మాత్రం చర్చి మినహాయింపు ఇచ్చింది. రేవులో ఆ రోజు వాటికే గిరాకీ.